బుర్రి కోసం ఇటలీ: చిత్తా ది కాస్తెల్లో నుంచి జిబెల్లీనా దాకా

ఇటలీ వెళ్లే మనవాళ్లు చాలామంది రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్ చూసుకుని తిరుగు విమానం ఎక్కేస్తారు. ఆ ఊళ్లు చూడదగ్గవే, కాదనను. కానీ ఆధునిక చిత్రకళ మీద కాస్తయినా మక్కువ ఉన్నవాళ్లు అల్బెర్తో బుర్రి అనే ఒక్క చిత్రకారుడి కోసం ఆ దారి వదిలి పక్కకు వెళ్లొచ్చని నా గట్టి నమ్మకం. ఆయన బొమ్మలు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో చాలావాటిలో ఒకటో రెండో ఉంటాయి. వాటిని అక్కడ చూడటం వేరు, ఆయన స్వయంగా ఎంచుకుని, ఏ గోడకు ఏది ఉండాలో తేల్చి పెట్టిన చోట చూడటం వేరు. ఆ తేడా ఎంతో తెలియాలంటే రెండు చోట్లకు వెళ్లాలి. ఒకటి మధ్య ఇటలీలోని ఉంబ్రియాలో ఆయన పుట్టిన ఊరు చిత్తా ది కాస్తెల్లో, రెండోది సిసిలీలో భూకంపానికి నేలమట్టమైన పాత జిబెల్లీనా. నేనూ అక్కా కలిసి ఈ రెండింటికీ వెళ్లొచ్చాం. అక్క సర్జన్. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది.

బుర్రి కూడా డాక్టరే. 1915లో పుట్టాడు, 1940లో పెరుజియా విశ్వవిద్యాలయంలో వైద్యం పూర్తిచేశాడు, సైన్యంలో వైద్యాధికారిగా ఉత్తర ఆఫ్రికా వెళ్లాడు. 1943లో ట్యునీసియాలో మిత్రరాజ్యాల సేనలకు పట్టుబడ్డాడు. అక్కడి నుంచి ఓడలో అమెరికాకు, టెక్సస్‌లోని హియర్‌ఫర్డ్ యుద్ధఖైదీల శిబిరానికి తరలించారు. బొమ్మలు వేయడం మొదలైంది ఆ ముళ్లకంచె లోపలే. 1946లో ఇటలీ తిరిగొచ్చాక స్టెతస్కోపు మళ్లీ ముట్టుకోలేదు. రోమ్‌లో ఓ గది తీసుకుని చిత్రకారుడిగా బతకడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రదర్శన. ఆ తర్వాత రంగు కన్నా పదార్థమే ఆయన బొమ్మ అయింది. తారు, చిరిగిన గోనెసంచులు, కాల్చిన చెక్కపలకలు, వెల్డింగ్ చేసిన ఇనుప రేకులు, మంటతో కరిగించిన ప్లాస్టిక్, ఎండి నెర్రెలిచ్చిన తెల్లటి మట్టి పూత, చివరికి గోడల్లో వేడి ఆపడానికి వాడే సెలోటెక్స్ అట్టలు. ఒక్కో పదార్థంతో కొన్నేళ్లు పనిచేసి, దాని నుంచి రాబట్టాల్సిందంతా రాబట్టాక మరోదానికి వెళ్లాడు.

రోమ్‌లో దిగాం కాబట్టి అక్కడి జాతీయ ఆధునిక కళల గ్యాలరీకి ముందు వెళ్లాం. ఆ గ్యాలరీలో బుర్రి గోనె బొమ్మ పెట్టినందుకు 1950ల చివర్లో ఇటలీ పార్లమెంటులోనే ప్రశ్న లేచింది. ఇప్పుడు ఎవరూ ప్రశ్నించరు. అందరూ ఫోన్‌తో ఫోటో తీసుకుని ముందుకు పోతున్నారు. అక్కడున్న పెద్ద ఎర్ర ప్లాస్టిక్ నాకు నచ్చింది, కానీ చుట్టూ ఇంకో ఇరవైమంది చిత్రకారుల పనులు, బడిపిల్లల బృందాలు. దాని ముందు నిలబడి ఊపిరి తీసుకునే చోటు లేదు. రోమ్‌లో ఉన్నవాళ్లు చూడండి, ఆ ఒక్కటి చూసి బుర్రిని చూశామని మాత్రం అనుకోకండి.

చిత్తా ది కాస్తెల్లోకి రైల్లో వెళ్లాలంటే పెరుజియా పక్కనున్న పోంతే సాన్ జొవాన్నీ స్టేషన్‌లో చిన్న లైను బండికి మారాలి. బండ్లు తక్కువ, ఆదివారాలు ఇంకా తక్కువ. వేళలు ముందే చూసుకోకపోతే ప్లాట్‌ఫాం మీద గంటలు గడుస్తాయి. అరెత్సో వైపు నుంచి బస్సులున్నాయి. కారున్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, తైబర్ నది పైలోయ వెంబడి మంచి రోడ్డు. దారికి రెండు వైపులా ఏం పంట ఉందోనని చూస్తుంటే అక్క నా భుజం తట్టి, "చూడవే, పొగాకు!" అంది. నిజంగానే పొగాకు. ఆ లోయ తరాలుగా పొగాకు పండించే నేల. మాది ప్రకాశం జిల్లా. నాన్న బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, కౌలుకు తీసుకుని పచ్చాకు క్యూరింగ్ చేసిన రోజులు మా ఇద్దరికీ బాగా గుర్తు. ఆ ఆకు చూడగానే ఊరు పరాయిదనిపించలేదు.

బస గురించి. ఊరి పాత గోడల లోపల ఉండాలా, బయట పొలాల్లో ఉండే అగ్రితురిస్మో అనే బస ఇంట్లో ఉండాలా అనేది మొదటి ప్రశ్న. మేము రెండూ చేశాం. పాత ఊళ్లో బస చేస్తే మ్యూజియం, హోటళ్లు, అంగళ్లు అన్నీ నడక దూరం. రాత్రి భోంచేసి కబుర్లు చెప్పుకుంటూ వీధుల్లో తిరిగి రావొచ్చు. మాకు దొరికిన గది పాత మేడలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు ఈ మాట తప్పకుండా అడగండి. పాత ఊళ్లలో ఇది చాలాచోట్ల ఉన్న ఇబ్బందే. గది మాత్రం శుభ్రం. ఇంటావిడ పొద్దున్నే కాఫీ, రొట్టె, ఇంట్లో చేసిన పళ్ల జామ్ పెట్టేది. అగ్రితురిస్మోలో గది ఇంకా పెద్దది, చుట్టూ కొండలు, రాత్రి భోజనం కూడా వాళ్లే పెట్టారు. కానీ కారు లేకపోతే అక్కడ కట్టిపడేసినట్టే. బుర్రి కోసం వెళ్లేవాళ్లకు నా సలహా పాత ఊరే. పిల్లలతో, కారుతో, నాలుగు రోజులు తీరిగ్గా ఉండేవాళ్లకు పొలం ఇల్లు మేలు.

శాకాహారులకు ఉంబ్రియాలో ఇబ్బంది లేదు. పెనం మీద కాల్చే తోర్తా అల్ తెస్తో అనే మందపాటి రొట్టెలో ఆకుకూర, చీజ్ పెట్టి ఇస్తారు. కడుపు నిండుతుంది, ధర తక్కువ. ఆ ప్రాంతం ట్రఫుల్ అనే భూగర్భ పుట్టగొడుగుకు పేరుపడ్డది. తెల్ల ట్రఫుల్ శరదృతువులో వస్తుంది, ఖరీదైనది. మేము నల్లదానితో చేసిన పాస్తా తిన్నాం. అక్కకు ఆ వాసన పడలేదు, నాకు బాగా నచ్చింది.

ఇక మ్యూజియం. పలాత్సో అల్బిత్సీని పదిహేనో శతాబ్దపు మేడ. బుర్రి 1978లో తన పనులతో ఒక ఫౌండేషన్ పెట్టాడు, 1981లో ఈ మేడ మ్యూజియంగా తెరుచుకుంది. లోపల అలంకారం ఏమీ లేదు. తెల్ల గోడలు, చక్కటి వెలుతురు, గది వెంట గది. ఏ బొమ్మ ఏ గదిలో ఉండాలో ఆయనే తేల్చాడు. గోడల మీద పెద్ద పెద్ద వివరణలు అతికించకపోవడం నాకు నచ్చింది. తన బొమ్మల గురించి మాట్లాడటానికి మాటలు తనకు సాయపడవని ఆయన 1955లోనే చెప్పాడు, బతికినంతకాలం ఆ మాట మీదే నిలబడ్డాడు. బొమ్మకూ మనకూ మధ్య ఎవరూ ఉండకూడదన్న ఆ పట్టుదల ఆ గదుల్లో కనిపిస్తుంది.

మొదటి గదుల్లో 1940ల చివరి తారు బొమ్మలు. తర్వాత గోబ్బీ, అంటే కాన్వాసు వెనక నుంచి కొమ్మలతో నెట్టి, బొమ్మకు గూని వచ్చినట్టు ముందుకు పొడుచుకొచ్చేలా చేసినవి. పక్క నుంచి చూస్తే గోడ మీద బొమ్మ కూడా శిల్పం కావచ్చని అర్థమవుతుంది. ఆ తర్వాత సాక్కీ, గోనె బొమ్మలు. ఎక్కువమంది బుర్రిని గుర్తుపట్టేది వీటితోనే. చిరిగిన గోనె, అతుకులు, లావు దారంతో కుట్లు, సంచి చిరుగుల్లోంచి కనిపించే ఎరుపు, కొన్నిచోట్ల బంగారు పూత. ఏ పుస్తకం తీసినా, ఏ గైడు చెప్పినా ఒకటే మాట: ఈయన యుద్ధంలో గాయాలకు కట్టు కట్టిన డాక్టరు, ఈ గోనెలు గాయపడ్డ దేహాలు, ఈ ఎరుపు నెత్తురు. నేనూ అదే నమ్మకంతో లోపలికి వెళ్లాను.

అక్క ఒక సాక్కో ముందు చాలాసేపు నిలబడింది. దగ్గరికి వెళ్లి, పక్కకు జరిగి, మళ్లీ దగ్గరికి వచ్చి చూసింది. "ఏంటక్కా, ఆపరేషన్ గుర్తొస్తోందా?" అని అడిగాను.

"లేదే. గాయాన్ని ఎవరూ ఇలా కుట్టరు. రెండు అంచులూ దగ్గరకి తెచ్చి మూయడానికి కుడతాం మేము. ఈయన చిరుగు తెరిచి ఉంచడానికి కుట్టాడు. ఆ రంధ్రం ఎంత ఉండాలో అంత దగ్గర దారం ఆపేశాడు. డాక్టరు చెయ్యి కాదిది, బొమ్మలు వేసేవాడి చెయ్యి."

ఆ మాట తర్వాత నేను ఆ గదంతా మళ్లీ మొదటి నుంచి చూశాను. నిజమే, ఏ కుట్టూ అనుకోకుండా పడలేదు. బరువైన గోనె ఎడమ పక్కన ఉంటే కుడి పక్కన చిన్న నల్ల మచ్చ దాన్ని తూచి పట్టుకుంటుంది. దారం గీతలా నడుస్తుంది. యుద్ధం ఆయనను చిత్రకారుణ్ణి చేసి ఉండొచ్చు, కానీ బొమ్మలో ఆయన చూసుకున్నది ఆకారం, చోటు, తూకం. ఆయన కూడా గాయాల కథను ఒప్పుకోలేదు, తన బొమ్మల్లో దాచిన అర్థాలు వెతకొద్దనే చెప్పాడు. గోనె అయినా ఇనుము అయినా ప్లాస్టిక్ అయినా ఆయన సంతకం ఈ తూకమే అని నాకు అక్కడ తెలిసింది. మిగతా బొమ్మలన్నీ ఆ ఒక్క తాళంచెవితో తెరుచుకున్నాయి.

కాల్చిన ప్లాస్టిక్‌లు దగ్గర నుంచి చూడాల్సినవి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొరను సాగదీసి బ్లోటార్చి మంట తగిలిస్తే అది ముడుచుకుంటుంది, కరుగుతుంది, చిల్లు పడుతుంది, అంచు నల్లబడుతుంది. ఆ క్షణంలో ఎక్కడ ఆపాలో ఆయన చేతికి తెలుసు. క్రెత్తీ అనే నెర్రెల బొమ్మలది ఇంకో పద్ధతి. జింక్ వైట్, చీనామట్టి, జిగురు కలిపి సెలోటెక్స్ అట్ట మీద పూస్తాడు. ఆరేకొద్దీ పగుళ్లు వస్తాయి. పూత మందంగా ఉన్నచోట లోతైన వెడల్పు నెర్రెలు, పలచగా ఉన్నచోట సన్నని గీతలు. పగుళ్లను తేమ, కాలం చేస్తాయి. ఏ చోట ఎంత మందం అన్నది మాత్రం ఆయన నిర్ణయం. చాలనుకున్నాక మళ్లీ జిగురు పోసి ఆ పగుళ్లను అక్కడికక్కడ కట్టేస్తాడు. అమెరికాలో డెత్ వ్యాలీ ఎడారి నేల చూశాక ఈ ఆలోచన బలపడిందని ఆయనే చెప్పాడు.

మేడ చూసి ఇక చాలనుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. అలా చేయకండి. ఊరి అంచున ఎక్స్ సెక్కతోయ్ ఉంది, పాత పొగాకు ఆరబెట్టే షెడ్లు. 1966లో ఫ్లోరెన్స్ వరదల్లో తడిసిన గ్రంథాలను తెచ్చి ఆరబెట్టింది కూడా ఇక్కడే. తర్వాత పొగాకు పని ఆగిపోయింది. బుర్రికి తన పెద్ద బొమ్మల వరుసలకు చోటు కావాల్సి వచ్చింది, షెడ్లు ఆయన చేతికి వచ్చాయి. బయట మొత్తం నల్ల రంగు వేయించాడు. 1990లో జనానికి తెరిచారు. దూరం నుంచి చూస్తే గడ్డిలో నల్లటి ఓడలు వరుసగా లంగరు వేసినట్టుంటాయి.

లోపల అడుగుపెట్టగానే నాకు ముందు తట్టింది ఎత్తు. మన బ్యారన్‌లో కర్రలకు అల్లిన ఆకు వరుసల మీద వరుసలుగా వేలాడదీయడానికి ఎంత ఎత్తు కావాలో నాకు తెలుసు. ఇవి దానికి ఎన్నో రెట్లు. ఆ ఖాళీలో 1970ల నుంచి ఆయన చివరి ఏళ్ల దాకా వేసిన బొమ్మలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. 'ఇల్ వియాజ్జో' అనే వరుస 1979లో వేసినది, పది పెద్ద బొమ్మలు. అప్పటిదాకా తాను వాడిన పదార్థాలన్నింటినీ మళ్లీ ఒకసారి నడిచి చూసినట్టుంటుంది. 'సెస్తాంతె'లో అయితే రంగులే రంగులు. నలుపూ ఎరుపూ మాత్రమే బుర్రి అనుకునేవాళ్లకు అది పెద్ద ఆశ్చర్యం. ఆ తర్వాతి నల్ల సెలోటెక్స్‌ల ముందు ఓపిక కావాలి. మొదట ఒట్టి నలుపులా కనిపిస్తాయి. కాసేపు నిలబడితే గరుకు నలుపు, నునుపు నలుపు, మెరిసే నలుపు విడివిడిగా తేలి ఆకారాలు బయటపడతాయి. ఫోటోలో ఇవి ఎప్పటికీ కనిపించవు. వెళ్లి చూడాల్సిందే అని నేను గట్టిగా చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

మేడకు రెండు గంటలు, షెడ్లకు కనీసం మూడు గంటలు పెట్టుకోండి, అదీ వేర్వేరు పూటల్లో. షెడ్ల కింద భాగంలో ఆయన ప్రింట్ల మ్యూజియం కూడా ఉంది. తీరిక ఉంటేనే చూడండి. సెలవు రోజులు, చలికాలపు వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. మధ్యాహ్నం మూసే అలవాటు ఆ ఊళ్లో అంగళ్లకు కూడా ఉంది.

ఇంకో సగం రోజు మిగిలితే పక్క ఊరు సాన్‌సెపోల్క్రో వెళ్లండి. పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాన్‌చెస్కా గోడ మీద వేసిన 'పునరుత్థానం' అక్కడి మ్యూజియంలో ఉంది. బుర్రికి పియెరో అంటే ప్రాణం. నిద్రపోతున్న సైనికుల పైన నిటారుగా నిలబడ్డ క్రీస్తు, ఎడమ పక్కన ఎండు చెట్లు, కుడి పక్కన పచ్చటి చెట్లు. ఆ తూకం చూశాక గోనె బొమ్మల్లోని తూకం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాల్సిన పని లేదు. చిత్తా ది కాస్తెల్లో బొమ్మల మ్యూజియంలో కుర్ర రాఫెల్ వేసిన ఊరేగింపు జెండా ఉంది. బాగా దెబ్బతింది, అయినా చూడదగ్గది.

సిసిలీ ప్రయాణం ఇంత సులువు కాదు. పలెర్మోలో దిగి కారు అద్దెకు తీసుకున్నాం. పాత జిబెల్లీనా శిథిలాల మీద బుర్రి తెల్ల సిమెంటుతో చేసిన భారీ నెర్రెల పని పేరు కూడా క్రెత్తోనే. అక్కడి దాకా వెళ్లడానికి మాకు పనికొచ్చే బస్సు దొరకలేదు. కారు కావాలంటే ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. మేము ముందే డబ్బు కట్టిన అద్దె కార్ల కంపెనీవాళ్లు డిపాజిట్‌కు డెబిట్ కార్డు పనికిరాదని, నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలని కౌంటర్ దగ్గర గంటసేపు నిలబెట్టారు. అక్క పేరు మీద కార్డు ఉండబట్టి, నడిపేది అక్కే అని కాగితాలు మార్చి గండం గట్టెక్కాం. పేరుకు తగ్గ కార్డు ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

బస ఎక్కడ అన్నదానికి మేము మూడు చోట్లు ఆలోచించాం. పలెర్మో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావొచ్చు, కానీ సాయంత్రం ఎండ క్రెత్తో మీద పడే వేళకు తిరుగు దారి గుర్తొస్తుంది. త్రాపానీలో సముద్రం ఉంది, తిండి బావుంటుంది, చేపలతో వండే కుస్కుస్ అక్కడి ప్రత్యేకత. మేము చివరికి సాలెమీ కొండ ఊళ్లో దిగాం. గది మామూలుది, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి, కానీ క్రెత్తోకు పొద్దునా సాయంత్రం రెండుసార్లు వెళ్లగలిగాం. దాని ముందు మిగతా లోపాలు లెక్కలోకి రావు. రాత్రి బాదం, టొమాటో, వెల్లుల్లి నూరి కలిపిన బుసియాతె పాస్తా తిన్నాం. మన రోటి పచ్చడి రుచి దగ్గర్లోనే ఉంది.

1968 జనవరిలో బెలీచె లోయలో భూకంపం వచ్చింది. వందల మంది పోయారు. జిబెల్లీనా పూర్తిగా కూలిపోయింది. మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి రేకుల షెడ్లలో బతికారు. కొత్త ఊరు పాత ఊరికి చాలా దూరంగా, మైదానంలో కట్టారు. మేయర్ లుదోవికో కొర్రావో ఆ కొత్త ఊరికి ఇటలీలోని ఎందరో కళాకారులను పిలిచాడు. బుర్రి కూడా వచ్చాడు. కొత్త ఊరు చూసి, ఇక్కడ నేను చేసేదేమీ లేదు, పాత ఊరు చూపించమన్నాడు. శిథిలాలు చూసి చలించిపోయాడు. ఆ శిథిలాలన్నింటినీ దగ్గరగా పోగుచేసి, పైన తెల్ల సిమెంటు పోసి, మనుషులు నడిచే నెర్రెలు వదలాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. 1984లో పని మొదలైంది, 1989లో డబ్బుల్లేక ఆగింది. బుర్రి 1995లో పోయాడు. మిగిలిన భాగం ఆయన శతజయంతి ఏడాది 2015లో పూర్తయింది. దాదాపు 80,000 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇరవై ఎకరాలు.

కొండ మలుపు తిరగగానే ఎదుటి వాలు మీద దుప్పటి ఆరేసినట్టు కనిపిస్తుంది. దగ్గరికి వెళితే దిమ్మెలు ఒకటిన్నర మీటరుకు పైనే ఎత్తు, అంటే నా కళ్ల దాకా. మధ్యలో దారులు. అవి పాత వీధుల జాడలో చాలామటుకు నడుస్తాయి. ఒక్కో దిమ్మె కింద కూలిన ఇళ్లు, తలుపులు, మంచాలు, వంటపాత్రలు ఉన్నాయి. గాలి తప్ప చప్పుడు లేదు. కేపర్ మొక్కలు పగుళ్లలోంచి పైకి వస్తున్నాయి. పాత భాగం బూడిద రంగుకు తిరిగింది, 2015 భాగం ఇంకా తెల్లగా ఉంది. ఆ తేడా బాగాలేదని కొందరంటారు. నాకు అది తప్పుగా తోచలేదు, ఆగిపోయిన పని ఎక్కడ ఆగిందో కంటికి తెలుస్తోంది.

ఇక్కడ మాత్రం అక్కా నేనూ ఒక మాట మీద లేము. బతికున్నవాళ్ల ఇళ్ల ఆనవాళ్లు కప్పేసే హక్కు ఒక చిత్రకారుడికి ఎక్కడిదని అక్క అడిగింది. "వాళ్ల గడప వాళ్లకి కనబడాలి కదే. ఏడవడానికైనా ఓ రాయి ఉండాలి." ఆ ప్రశ్న న్యాయమైనదే. అలా అడిగినవాళ్లు ఆ ఊళ్లోనూ ఉన్నారు. నా జవాబు ఇది: కప్పకపోతే ఆ శిథిలాలు ఇప్పటికి ముళ్లపొదలై ఉండేవి, రాళ్లు ఎవరికి కావాల్సినవి వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. దారులు మిగలబట్టే ఆ ఊరివాళ్లు ఈనాటికీ తమ వీధిలో నడవగలుగుతున్నారు. అక్క ఒప్పుకోలేదు. నేనూ మార్చుకోలేదు.

క్రెత్తోకు టికెట్ లేదు, గేటు లేదు. నీళ్ల కొళాయి, నీడ, మరుగుదొడ్డి ఆశించకండి. వేసవిలో మధ్యాహ్నం అసలు వద్దు, తెల్ల సిమెంటు ఎండను రెట్టింపు చేసి మొహం మీద కొడుతుంది. టోపీ, నీళ్లు, గట్టి చెప్పులు తప్పనిసరి. చివరి కొన్ని కిలోమీటర్ల రోడ్డు గుంతలమయం, చీకటి పడకముందే దిగిపోండి. దిమ్మెల పైకి ఎక్కకండి, అది సమాధి.

కొత్త జిబెల్లీనాకు ఒక పూట చాలు. ఊరి మొదట్లో పియెత్రో కొన్సాగ్రా చేసిన పెద్ద ఉక్కు నక్షత్రం, మధ్యలో తెల్ల గోళంతో కట్టిన చర్చి, విశాలమైన ఖాళీ వీధులు. జనం కన్నా శిల్పాలు ఎక్కువ అనిపిస్తుంది. ఇటలీ ప్రభుత్వం సమకాలీన కళల రాజధాని అనే బిరుదును మొట్టమొదట, 2026 సంవత్సరానికి, ఈ ఊరికే ఇచ్చింది. ఊరి కాఫీ అంగడిలో ముసలాయన మా చీరలు చూసి ఇండియానా అని అడిగి, తన చిన్నప్పటి వీధి క్రెత్తోలో ఏ మూల ఉందో కాగితం మీద గీసి ఇచ్చాడు. సాయంత్రం ఆ కాగితం పట్టుకునే రెండోసారి వెళ్లాం.

రోజులు తక్కువున్నవాళ్లకు: ఒక్కటే ఎంచుకోవాలంటే చిత్తా ది కాస్తెల్లో. బుర్రి మొదటి నుంచి చివరి దాకా అక్కడ దొరుకుతాడు, ప్రయాణమూ సులువు. క్రెత్తో ఒక్కటే చూసినవాళ్లకు అది గొప్ప స్మారకంగా మిగులుతుంది గాని, దాని వెనకున్న చెయ్యి తెలియదు. రెండూ చూడగలిగితే మేము వెళ్లిన వరుసలోనే వెళ్లండి, ఉంబ్రియా ముందు, సిసిలీ తర్వాత. నేపుల్స్ మీదుగా వెళ్లేవాళ్లు కాపొదిమోంతె మ్యూజియంలో 1978 నాటి పెద్ద నల్ల క్రెత్తో చూడొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అంత దూరం కూడా అక్కర్లేదు. బుర్రి భార్య మిన్సా క్రెయిగ్ అమెరికన్ నర్తకి, 1960ల నుంచి ఆయన చలికాలాలు చాలావరకు లాస్ ఏంజెలెస్‌లోనే గడిపాడు. అక్కడి యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం శిల్పాల తోటలో ఆయన చేసిన పెద్ద నల్ల సెరామిక్ క్రెత్తో గోడ ఉంది. ఆరుబయట ఉంది, టికెట్ లేదు. అక్క కొడుకు అక్కడికి గంట దూరంలోనే ఉంటాడు, ఈ ఆదివారం వెళ్లి చూడమని చెప్పాం.